తప్పు కాలిదా, బ్రేకుదా

"బ్రేకులో ఏం లేదు. నీ కాల్లోనే సత్తువ లేదు" అన్నాడు భర్త, ఆరేసిన చొక్కాల్లోంచి తనది వెతుక్కుంటూ. ఆమె ఆ చొక్కా తీసి ఇచ్చింది. మిగతా బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

ముందురోజు అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరి నుంచి తీసుకొస్తుంటే, ఇంటి ముందు కారు ఆగలేదు. ఆమె బ్రేకు తొక్కింది. కొన్నాళ్ళుగా గట్టిపడుతున్న పెడల్ ఆ రోజు రాయిలా ఉంది. సీట్లోంచి లేచి, రెండు కాళ్ళూ పెట్టి తొక్కితే అప్పుడు ఆగింది, బంపర్ గేటుకు తగిలాక. అత్తగారు గేటు పట్టుకుని దిగారు. ఇంట్లోకి వచ్చాక మొదలుపెట్టారు. "ఈ వయసులో నాకు ఇంకో గండం రాసిపెట్టి ఉందేమో. అమ్మాయికి ధ్యాస బండి మీద ఉండదురా, ఎక్కడో ఉంటుంది."

భర్త కారు తీసుకుని వీధి చుట్టి వచ్చాడు. భేషుగ్గా ఉంది అన్నాడు. "పెడల్ గట్టిగా అనిపించలేదూ?" అని ఆమె అడిగింది. "ఏం గట్టి? తొక్కే పద్ధతి తెలియాలి" అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర తల్లీకొడుకులు నిర్ణయించారు. ఆదివారం కారు మరిదికి ఇచ్చేస్తారు. కొన్నాళ్ళు అతని దగ్గరే ఉంటుంది. "నువ్వు బస్సులో వెళ్ళు, ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు భర్త. ఆమె ఫిజియోథెరపిస్టు. క్లినిక్ అయ్యాక సాయంత్రాలు మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయిస్తుంది. ఆ ఇళ్ళ దాకా బస్సులు లేవు. కారు పోతే ఆ పేషెంట్లు పోతారు. ఆమె తనంతట తాను సంపాదించుకున్నది వాళ్ళనే. ఈ మాట చెబితే, "మంచిదేగా, కాస్త ఇంటి పట్టున ఉంటావు" అన్నాడు.

కాల్లో సత్తువ లేదన్న అతని మాట ఆమెకు నిజమేనేమో అనిపించింది. అదే ఆమెకు అర్థం కాని సంగతి. అంతకుముందు కూర మాడినప్పుడూ ధ్యాస అన్నారు, బిడ్డకు జ్వరం వచ్చినప్పుడూ ధ్యాస అన్నారు. ప్రతిసారీ ఆమె తన ధ్యాస ఎక్కడుందా అని వెతుక్కుంది. ఇప్పుడు కాలి వంతు. క్లినిక్‌లో సహోద్యోగిని పిలిచి, తను పేషెంట్లు కూర్చునే బల్ల మీద కూర్చుని, "నా కుడికాలు చూడు" అంది. సహోద్యోగి ఆ పాదానికి అరచేయి అడ్డం పెట్టింది. "తొయ్యి. ఇంకా తొయ్యి. అమ్మా తల్లీ, ఇక చాలు, గోడకు అతుక్కుపోయేలా ఉన్నాను. ఎవరిని తన్నాలని?" కాలు బాగానే ఉంది. రోజంతా ఇతరుల కాళ్ళు చూసి బలం ఎంతో చెప్పే మనిషి, తన కాలి గురించి వేరే వాళ్ళు చెప్పాక కూడా నమ్మలేకపోయింది. పరీక్షలో తొక్కినట్టు రోడ్డు మీద తొక్కడం లేదేమో. భయానికి కాలు బిగుసుకుంటోందేమో.

మధ్యాహ్నం కార్లో కూర్చుని, బ్రేకును ఎలా పరీక్షించాలో ఫోన్లో చూసింది. ఇంజన్ ఆపి పెడల్‌ను పలుమార్లు తొక్కాలి. అది బిగుసుకుపోయాక, దాని మీద కాలు ఉంచి ఇంజన్ ఆన్ చేయాలి. అంతా సరిగా ఉంటే పెడల్ కాస్త కిందికి దిగుతుంది. ఆమె కారులో పెడల్ దిగలేదు. మళ్ళీ చేసింది. దిగలేదు. బానెట్ తెరిస్తే ఎక్కడో గాలి సన్నగా బుసకొడుతోంది. కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే బూస్టర్ ఉంటుందని, ఇంజన్ అందులోని గాలిని ఒక గొట్టం ద్వారా లాగేస్తేనే అది పనిచేస్తుందని ఫోన్లో ఉంది. గొట్టాన్ని తడుముతూ వెళ్ళింది. క్లిప్పు కింద రబ్బరు చిట్లి ఉంది. వేలు అడ్డం పెడితే బుస తగ్గింది.

మెకానిక్ అంతా విని, "సార్‌ని ఒకసారి తీసుకురండి మేడమ్" అన్నాడు.

"సార్ రారు. గొట్టం మార్చండి."

మార్చాడు. ఆమె తొక్కితే పెడల్ మెత్తగా దిగింది.

ఆ సాయంత్రం భర్తతో, "బ్రేకు సంగతి..." అని మొదలుపెట్టింది. "మళ్ళీ అదేనా? దాన్ని వదిలెయ్యి, నీ మనసుకే మంచిది" అన్నాడు. ఆమె వదిలేసింది. గొట్టం చిట్లిందంటే కాలి తప్పు లేనట్టేనా, అదీ కొంత ఇదీ కొంతా? ఆమెకు తేలలేదు.

ఆదివారం మరిది ఇంటికి బయలుదేరారు. భర్త నడుపుతున్నాడు. అతని పక్కన అత్తగారు, వెనక సీట్లో ఆమె. వీధి చివర మలుపు దగ్గర అతను బ్రేకు తొక్కాడు. కారు ఉన్నచోటే కూలబడినట్టు ఆగింది. అత్తగారు బెల్టుకు వేలాడారు. ఆమె నుదురు ముందు సీటుకు కొట్టుకుంది.

"ఏమిట్రా ఇది, మనుషుల్ని ఎక్కించుకున్నావా, బస్తాల్నా?" అన్నారు అత్తగారు.

అతను కొంచెం ముందుకు పోనిచ్చి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అదే కుదుపు.

"బ్రేకులో ఏదో తేడా వచ్చిందమ్మా" అన్నాడు. "ఎప్పుడూ లేచి తొక్కితేగానీ ఆగని బండి ఇది. ఇవాళ కాలు పెట్టగానే ఆగిపోతోంది."

అతను తను ఏమన్నాడో గమనించలేదు. వంగి పెడల్ వైపు చూస్తున్నాడు.

ఆమె నుదురు రుద్దుకుంటూ కూర్చుంది. అయితే ఇన్నాళ్ళూ ఇతనూ లేచే తొక్కాడు. వీధి చుట్టి వచ్చిన రోజు కూడా. తెలిసి భేషుగ్గా ఉందన్నాడా? లేక తన కాలితో ఆగుతోంది కాబట్టి అది లోపమని తోచనే లేదా? మొదటిదైతే అబద్ధం. రెండోదానికి ఆమెకు పేరు దొరకలేదు. రెంటిలో ఏది ఎక్కువ బాధో కూడా తెలియలేదు.

దిగి, చుట్టూ తిరిగి వచ్చి అతని వైపు తలుపు తెరిచింది.

"గొట్టం చిట్లింది. నేనే మార్పించాను" అంది. "మీరు వెనక కూర్చోండి."

"ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు అతను, దిగుతూ.

ఆమె ఎక్కి కూర్చుంది. సీటును తన కాళ్ళకు అందేంత ముందుకు జరుపుకుంది. అతన్ని ఏమని అడగాలో ఆమెకు ఇంకా తేలలేదు. అది తేలేదాకా కారు తన దగ్గరే ఉంటుందనుకుంది. అద్దంలో వెనకటి రోడ్డు చూసుకుని, స్టీరింగ్‌ను మరిది ఇంటి వైపు కాకుండా, తిరిగి తమ ఇంటి వైపు తిప్పింది.