కార్జానికి చిక్కం

కొండబాబు దుకాణం ముందు అప్పటికే జనం మూగి ఉన్నారు. గణపతిరావు వాళ్ళ వెనకాల, ఐసు ముక్కలు నింపిన స్టీలు క్యారియర్ పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మెడ ముందుకు వంగిపోయింది. రాజాంలో మేకమాంసం కొట్టుకు టై కట్టుకుని వచ్చేది ఆయనొక్కడే. ఏళ్ళ తరబడి ఆయన కార్జమే కొంటున్నాడు, అదీ కడగనిది, ఉప్పు తగలనిది. దాంతో మాస్టారి ఒంట్లో రక్తం లేదని ఊరు తీర్మానించేసింది. భార్య రాజకుమారి కూరల బజారుకెళ్తే బీట్‌రూట్ కొనమని సలహాలిచ్చేవాళ్ళు. నిజానికి ఆయన కార్జం నోట పెట్టి చాలా కాలమైంది. వారం వారం దాన్ని ల్యాబులో రుబ్బే మనిషికి కూర మీద మనసెలా పోతుంది?

"ఆకరి రోజట కదా మాస్టారూ," అన్నాడు కొండబాబు పొట్లం అందిస్తూ. "మీకోసరం మంచి ముక్క తీసి ఉంచినాను."

ఆఖరి రోజే. సాయంత్రం ఫార్మసీ కాలేజీలో ఆయన పదవీ విరమణ సభ.

మన కణాల్లో ప్రొటీన్లను నమిలే ఎంజైములుంటాయి. కొలతగా నమిలితే ఆరోగ్యం, అదుపు తప్పితే జబ్బు. వాటిలో కాథెప్సిన్ అనే దాని నోటికి సరిగ్గా పట్టే మందును కంప్యూటర్లో గీసి, ల్యాబులో తయారు చేయడం గణపతిరావు పని. ఏటా మొదటి క్లాసులో, ల్యాబు గోడ మేకుకున్న చిక్కం తీసి చూపించేవాడు. కళ్ళంలో నూర్పిడి ఎద్దు ధాన్యం మేయకుండా మూతికి కట్టే అల్లిక అది. "వదులైతే జారిపోద్ది. బిగిస్తే ఎద్దుకి ఊపిరాడదు. పక్కోడి ఎద్దుక్కూడా కట్టీసినామంటే ఆడొచ్చి మనల్ని కొడతాడు," అనేవాడు. పిల్లలకు ఆ పాఠమే గుర్తుండేది. ఆయన పేరు చిక్కం మాస్టారైంది.

ఆయన చేసిన మందులన్నీ గాజు గొట్టంలో ఎంజైముకు బాగానే పట్టేవి. కణం గోడ దాటి లోపలికి మాత్రం పోయేవి కావు. "చిక్కం బాగానే ఉన్నాది, పశువుల సాల తలుపే తెరుసుకోనేదు," అని నవ్వేవాడు గానీ లోపల బాధగానే ఉండేది. ఒక్క మందు, ఒక్కటంటే ఒక్కటి, కణంలోకెళ్ళి ఆ నోరు కట్టడం కళ్ళారా చూడాలని ఆయన కోరిక. కణం గోడ కొవ్వుతో చేసినది కనక ఈసారి మందుకు కొవ్వులో కరిగే తోక తగిలించాడు. రేపటి నుంచి ల్యాబు తాళం ఆయన దగ్గర ఉండదు.

ల్యాబుకొచ్చి కార్జాన్ని పలచగా కోసి, కొన్ని ముక్కలు మందు కలిపిన ఉప్పునీళ్ళలో, కొన్ని వట్టి ఉప్పునీళ్ళలో నానబెట్టాడు. తర్వాత కడిగి, విడివిడిగా రుబ్బి, రంగు తేల్చే రసాయనం కలిపాడు. ఎంజైము పనిచేస్తే గులాబీ రంగొస్తుంది, నోరు మూతపడితే రాదు.

మందు గొట్టంలో రంగు రాలేదు. గణపతిరావు లేచి నిలబడ్డాడు. నిలబడి ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"పట్టింది సార్," అంది ఝాన్సీ. ఆయన దగ్గరే చదువుకుని అక్కడే లెక్చరరైంది.

"రెండోది సూడమ్మా."

రెండో గొట్టంలోనూ రంగు లేదు. మందు వాసనైనా తగలని కార్జం కూడా నోరు మూసుకుని కూర్చుంది. ఆయన క్యారియర్ తెరిచి, మిగిలిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, కొండబాబుకు ఫోన్ చేశాడు.

"పసుపు గానీ రాసినావేటి?"

"రాసినాను మాస్టారూ. ఆకరి రోజు కదా, నీసు వాసన ఉండకూడదని. రాసి సుబ్బరంగా కడిగీసినాను."

పసుపు ఎంజైములకు అడ్డం పడుతుందని పిల్లలకు పాఠం చెప్పింది తనే. కొండబాబు మీద కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ రాలేదు.

"మీ ఇంటికి కార్జం పట్టుకెళ్ళినావా?"

"మా ఆవిడ ఉల్లిపాయలు కోస్తన్నాది."

"పొయ్యెక్కించొద్దను. పసుపూ రాయొద్దను. వస్తన్నాను."

ఝాన్సీ స్కూటీ వెనక టైతో, క్యారియర్‌తో కూర్చుని వెళ్ళాడు. కొండబాబు భార్య తాతమ్మ కార్జాన్ని పచ్చిదాన్ని పచ్చిగా ఇచ్చేసింది గానీ, ఊరుకోలేకపోయింది. "పొద్దున తీసుకెళ్ళింది అప్పుడే తినీసినారా? అంత తింటే అరగదు మాస్టారూ."

"అరగకూడదనే నా పనంతా," అన్నాడు గణపతిరావు.

ముక్కలు నానుతుండగా సభ మొదలైంది. ప్రిన్సిపాల్ ఆయన సేవలు ఎనలేనివన్నాడు, అవేమిటో మాత్రం చెప్పలేకపోయాడు. దండ పడింది, శాలువా పడింది. గణపతిరావు దండతోనే ల్యాబులోకి పరిగెత్తి, రుబ్బి, రసాయనం కలిపేసరికి బొబ్బిలి వెళ్ళే కారు వచ్చి గుమ్మంలో ఆగింది. ఇక కాపురం అక్కడే.

"ఎలదాం రండి," అంది రాజకుమారి తలుపు దగ్గర నిలబడి. "ఇన్నేళ్ళూ రానిది ఈ కాసేపట్లో వస్తాదేటి?"

ఆయన ఏప్రన్ విప్పి, చిక్కం ఉన్న మేకుకే తగిలించాడు. గొట్టాల వైపు చూడలేదు.

"రంగు రాకపోతే సెప్పు. వస్తే సెప్పకు," అన్నాడు ఝాన్సీతో, రాజకుమారి కారు వైపు నడిచాక.

కారు వెళ్ళిపోయింది. వట్టి ఉప్పునీళ్ళ గొట్టం కాసేపటికి గులాబీ రంగు తిరిగింది. మందు గొట్టం తేటగానే ఉంది. ఝాన్సీ ఇంకాసేపు ఆగింది. అయినా తేటగానే ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆయనకు ఫోన్ చేస్తే అది మేకు మీది ఏప్రన్ జేబులోనే మోగింది. రాజకుమారికి చేసింది.

"నిద్దరోతన్నారమ్మా, దండ ఒళ్ళో ఎట్టుకొని. లేపమంటావేటి?"

"వద్దమ్మా. లేచాక రంగు రాలేదని చెప్పండి, చాలు."

"రానేదా?" అంది రాజకుమారి జాలిగా. "పోన్లే అమ్మా, నువ్వు దిగులెట్టుకోకు. ఆయనకి అలవాటే."

ఝాన్సీ దీపాలార్పి తాళం వేసింది. లోపల మేకు మీద చిక్కం, దాని కింద మాస్టారి ఏప్రన్, ఎంత ఉతికినా పోని కార్జం మరకతో వేలాడుతున్నాయి.