మొదటి రిఫరల్

పొద్దున ఆరున్నరకే యశస్విని ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు మోగిందంటే అది వాళ్ళ బాపే. కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోందన్న గర్వం ఓదెలుకి ఎంతుందో, ఎప్పుడు ఫోన్ చేయాలో ఎప్పుడు చేయకూడదో అన్న ఆలోచన అంత తక్కువ. మధురానగర్ హాస్టల్ మూడో అంతస్తు వరండాలోకి వచ్చి, తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళ చాటున నిలబడి, గదిలో తల దువ్వుకుంటున్న రవళికి వినపడకుండా ఫోన్ ఎత్తింది.

"పెట్టినవా బిడ్డా?"

"ఇంక లేదు బాపు. పదకొండు దాకా టైమున్నది."

"టైమున్నదని కూసుంటె ఎట్లనే? మీ అత్తకు మాటిచ్చిన. పదిమంది ముంగట ఇచ్చిన. నీ కొడుకు విక్రమ్‌గాని నౌకరీ నా బిడ్డ చేతుల్నే ఉన్నదని చెప్పిన. ఇంటర్‌ల రెండేండ్లు నిన్ను కడుపుల పెట్టుకొని చూసుకున్నది మీ అత్త. మర్చిపోయినవా?"

"మర్వలే బాపు."

"మరి?"

మరి అంటే ఏం చెప్తుంది పాపం! పెట్టేస్తానంది. ఫోన్ పెట్టేసి, అరచేతులు తువ్వాలుకి తుడుచుకుంది. అది రవళి తువ్వాలు.

సంగతేంటంటే, పంజాగుట్టలో యశస్విని పనిచేసే కంపెనీలో ఆర్నెల్లు పూర్తిచేసిన ప్రతివాళ్ళకీ ఏడాదికోసారి ఒక్క రిఫరల్ ఇస్తారు. తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరి పేరు పెట్టొచ్చు. ఆ పేరున్నవాళ్ళు గేటు బయట ఎండలో నిలబడక్కర్లేదు, నేరుగా మేనేజరు ముందు కూర్చోవచ్చు. అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తూ ఏడాది నుంచి తిరుగుతున్నవాళ్ళకి అదెంత భాగ్యమో వేరే చెప్పాలా? ఫారం సోమవారం తెరిచారు. ఈరోజు, గురువారం, పదకొండింటికి మూసేస్తారు. ఒక్కటే పేరు పడుతుంది.

మరి ఆ పేరు ఎవరిదో యశస్విని ఎప్పుడో ఒట్టేసి చెప్పింది.

పోయినేడు ఇదే కంపెనీ ఇంటర్వ్యూలు పెట్టినప్పుడు గేటు దగ్గర అరవై టోకెన్లు పంచారు. అరవయ్యోది రవళికి దక్కింది. వెనకే నిలబడ్డ యశస్విని ముందు వాచ్‌మన్ గేటేసేశాడు. ఆ నెల దాటితే తట్టాబుట్టా సర్దుకుని ఇంటికి రమ్మని ఓదెలు అప్పటికే గట్టిగా చెప్పి ఉన్నాడు. మెట్రో స్తంభం కింద, ఫుట్‌పాత్ మీద కూలబడి ముక్కు ఎగబీలుస్తున్న పిల్ల చేతిలో రవళి తన టోకెన్ పెట్టేసింది. "నువ్వెళ్ళవే. మావాళ్ళు నాకింకో ఆర్నెల్లు టైమిచ్చారు" అంది. మళ్ళీ వెనక్కి పిలిచి, "లోపలికెళ్ళాక నీకొచ్చే మొదటి రిఫరల్ మాత్రం నాదే! ఒట్టెయ్" అంది. యశస్విని ఆమె నెత్తిన చెయ్యి పెట్టి మరీ ఒట్టేసింది. రవళి ఇంటివాళ్ళిచ్చిన ఆర్నెల్లూ అయిపోయాయి. బతిమాలి మరో ఆర్నెల్లు తెచ్చుకుంది, అవీ అయిపోవచ్చాయి.

మరి ఈ అమ్మాయి చేసిన ఘనకార్యం ఏంటి? సోమవారం రవళి "పోర్టల్ ఓపెనయిందా?" అని అడిగితే, "ఇంక కాలేదే" అంది. మంగళవారం అడిగితే అదే మాట. బుధవారమూ అదే మాట. రవళి పేరు పెట్టలేదు, విక్రమ్ పేరూ పెట్టలేదు. అన్నం సయించక, నిద్ర పట్టక, తనలో తనే నలిగిపోయింది. ధైర్యంగా ఒక్కమాట చెప్పడానికి మూడు రోజులు చాల్లేదు మహాతల్లికి.

ఏడింటికి ఇద్దరూ అమీర్‌పేటలో ఛాయాదేవిగారి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి వెళ్ళారు. ఆఫీసులో క్లయింటు కాల్స్ మాట్లాడాలి కాబట్టి యశస్విని ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. ఛాయాదేవిగారిది రాజమండ్రి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై వచ్చారు. రోజుకొక్క మాట నేర్పుతారు, కానీ ఆవిడ పద్ధతే వేరు. మాటతో ఒక వాక్యం చెప్పాలి, అది తన బతుకులోంచే రావాలి. దాన్ని పక్కన కూర్చున్నవాళ్ళు లేచి తెలుగులో చెప్పాలి. "రెండు నోళ్ళలో పడితేగానీ మాట నానదర్రా" అంటారావిడ.

ఆరోజు బోర్డు మీద రాసిన మాట, రినెగ్.

"మాట తప్పడం," అన్నారు ఛాయాదేవిగారు. "ఏదైనా విరిగితే బ్రేక్ అంటాం. కాగితం మీద సంతకాలు పెట్టుకుని దాటితే బ్రీచ్, అది లాయర్ల గొడవ. రినెగ్ అలాంటిది కాదు. నోటితో ఒప్పుకుని, తెలిసి తెలిసి వెనక్కి వెళ్ళిపోవడం. ఏ మాట తప్పామో చెప్పడానికి వెంట ఆన్ అనే పదం పెట్టుకోవాలి. ప్రమోద్, ఏదీ, ఓ వాక్యం?"

ప్రమోద్ లేచి, ఇవాళ తన బైకు తన మీద రినెగ్ చేసిందన్నాడు.

"బండి నీకు మాటెప్పుడిచ్చిందయ్యా?"

"సర్వీసింగ్ చేయించినప్పుడు మేడమ్!"

క్లాసంతా గొల్లుమంది. ఛాయాదేవిగారు కూడా నవ్వి, "మాటిచ్చిన మనిషే తప్పగలడు నాయనా, బండిని వదిలెయ్" అన్నారు. "ఇంకో వాడుక కూడా ఉంది, వినండి. పేకాటలో వాడతారు. అవతలివాడు వేసిన రంగు ముక్క మన చేతిలో ఉంటుంది. వెయ్యాల్సిందే. కానీ లేనట్టు మొహం పెట్టి ఇంకో ముక్క వేస్తాం. దాన్నీ రినెగ్ అనే అంటారు. ముక్క లేకపోవడం తప్పు కాదు. ఉంచుకుని లేదనడం తప్పు."

యశస్విని పెన్ను ఆగింది. ఈవిడకి ఎవరైనా చెప్పారా ఏంటి? ఎవరు చెప్తారు! తన గుండెకి తప్ప ఎవరికీ తెలీదు. రాసుకుంటున్నట్టు నోట్‌బుక్ మీదకి వంగింది.

"యశస్వినీ, నువ్వు చెప్పమ్మా."

లేచింది. నాలుక చివరిదాకా వచ్చింది అసలు వాక్యం. వచ్చింది వచ్చినట్టే మింగేసి, రోజూ పెరుగు వేస్తానన్న హాస్టల్ ఆంటీ ఆ మాట మీద రినెగ్ చేసిందని చెప్పింది. రవళి ఎగిరి లేచి, "రోజూ పెరుగేస్తానని చెప్పి, మా హాస్టల్ ఆంటీ మాట తప్పేసిందండీ! మజ్జిగ కూడా కాదు, తెల్లనీళ్ళు పోస్తోంది!" అంటూ తెలుగులో మరో వాక్యం కలిపి మరీ చెప్పింది. మళ్ళీ అందరూ నవ్వారు. యశస్విని కూడా పళ్ళు బయటపెట్టింది. సిగ్గు లేకపోతే సరి.

తర్వాత రవళి వంతు. నిలబడి, ఒక్కో ఇంగ్లీషు ముక్కా ఏరుకుంటూ మూడు వాక్యాలు చెప్పింది. చెప్పడం అయ్యాక యశస్విని వైపు చూసి కన్ను గీటింది. ఇప్పుడు దీన్ని తెలుగు చేయాల్సింది యశస్వినే.

"నేను..." అని మొదలుపెట్టి ఆగింది.

"కానివ్వమ్మా."

"నేను ఇయ్యాల ఒక దవఖానవాళ్ళకు ఇచ్చిన మాట తప్పబోతున్న. సోమవారం ఫ్రంట్ డెస్క్‌ల జాయినయితనని నిన్న ఒప్పుకున్న. కని... కని పోను. ఎందుకంటే..." గ్లాసెడు నీళ్ళు తాగి, చివరిది ఎలాగో బయటికి తోసింది. "ఎందుకంటే నా దోస్తు నాకు మాటిచ్చింది."

"తప్పు చేస్తున్నానని తెలిసి చెప్పావు, అందుకే నీ వాక్యం బావుంది రవళీ" అన్నారు ఛాయాదేవిగారు. "కానీ ఆ హాస్పిటల్‌వాళ్ళకి త్వరగా చెప్పెయ్యి. పాపం, ఎదురుచూస్తారు."

క్లాసు వదిలాక ఇరుకు మెట్లు దిగుతూనే రవళి ఫోన్ తీసింది. టిఫిన్ బండి దగ్గర జనం, షేరాటోలవాళ్ళ కేకలు. ఆ గోలలో యశస్విని ఆమె మణికట్టు పట్టుకుంది.

"చెయ్యకు."

"ఏంటే? ఇప్పుడు చెప్తే వాళ్ళు వేరే ఎవర్నైనా చూసుకుంటారు కదా."

"పోర్టల్ ఓపెనయింది."

రవళి మొహం విప్పారింది. "నిజంగా? ఎప్పుడు? ఇప్పుడేనా?"

"సోమవారం."

రవళికి వెంటనే ఎక్కలేదు. "సోమవారమా? నిన్న అడిగితే కాలేదన్నావు. మొన్న కూడా..."

"అన్న. అబద్ధం చెప్పిన." ఇంక ఆపుకోలేక గబగబా చెప్పేసింది. బాపు అత్తకి మాటివ్వడం, విక్రమ్ కథ, ఇంటర్లో అత్త పెట్టిన అన్నం, అంతా. "ఇంక పెట్టలేదే ఎవ్వరి పేరు. పదకొండు దాకా ఉన్నది. నీ పేరే పెడ్త. ఆఫీసుకు పోంగనే పెడ్త. తిట్టవే, రెండు దెబ్బలు కొట్టు, అట్ల చూడకు!"

రవళి తిట్టలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

"మీ నాన్నగారు అడిగారని సోమవారమే చెప్పుంటే, విక్రమ్ పేరే పెట్టెయ్యమనేదాన్ని కదే. చేతిలో ఉన్న టోకెనే ఇచ్చేసినదాన్ని, ఇదివ్వనా? ఒక్కమాట నన్నడగాల్సింది. పక్క మంచం మీదే ఉన్నాను కదా మూడు రోజులూ."

"తప్పయిందే."

"వదులు," అంది రవళి, చేతిని చూస్తూ. యశస్విని వదిలింది. రవళి ఫోన్ బ్యాగులో పడేసుకుని, హాస్టల్ వైపు కాకుండా మైత్రీవనం వైపు నడిచి జనంలో కలిసిపోయింది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మెట్రోలో ఒక్కటే స్టేషను. ఆ కాస్త దూరంలోనే యశస్విని నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆఫీసులో కుర్చీలో కూర్చుందన్న మాటేగానీ కాలు నేల మీద ఆగలేదు. పదీ నలభైకి ఫారం తెరిచి, బాపు మొహం, అత్త స్వరాజ్యం మొహం కళ్ళముందు ఆడుతున్నా సరే, రవళి పేరు టైపు చేసింది. నంబరు కొట్టింది. పేరున్న మనిషి ఒప్పుకున్నట్టు వాళ్ళ ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది. అది ఇక్కడ కొడితేనే ఫారం కదులుతుంది.

మళ్ళీ ఫోన్. ఈసారి ఎత్తింది.

"ఓటీపీ వచ్చిందానే?"

"వచ్చింది."

"చెప్పు, జల్ది. ఇంక పదిహేను నిమిషాలే ఉన్నది."

"చెప్పను యశూ."

"కోపం తర్వాత చూపియ్యే! నీకు దండం పెడ్త. నౌకరీ నీదే. మా బాపుకు నేను చెప్పుకుంట, అత్త కాళ్ళు పట్టుకుంట."

"కోపం కాదే." రవళి గొంతు నిదానంగా ఉంది. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి. "నీ పక్క సీట్లో కూర్చుని, నువ్వేం చెప్పినా అది నిజమో కాదో అనుకుంటూ పనిచెయ్యలేను. హాస్పిటల్‌కి సోమవారం వస్తానని చెప్పాను. వెళ్తాను. విక్రమ్ పేరు పెట్టుకో. పాపం, ఆ అబ్బాయి చేసిన తప్పేముంది?"

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. ఐదు నిమిషాలు యశస్విని ఆ ఖాళీ గడిని చూస్తూ కూర్చుంది. ఏమైనా వస్తుందేమోనని మెసేజీలు తిరగేసింది. ఏమీ రాలేదు. పదీ యాభై నాలుగుకి రవళి పేరు చెరిపి విక్రమ్ పేరు కొట్టింది. వాడు ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాడు కాబోలు, అడగడం పూర్తికాకముందే అంకెలు చెప్పేసి, "మస్తు థాంక్స్ వదినె!" అన్నాడు. ఊఁ అంది.

అనుకున్నదే జరిగిందిగా మరి! బాపు మాట దక్కింది, అత్త రుణం తీరింది, రవళికీ ఏదో ఒక ఉద్యోగం ఉంది. పైకి చూస్తే ఎవరికీ ఏ నష్టమూ లేదు. అయినా యశస్విని లేచి బాత్రూంలోకి పోయి, తలుపేసుకుని, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది.

అక్కడుండగానే ఓదెలు ఫోన్.

"విక్రమ్‌గాడు చెప్పిండు బిడ్డా! మీ అత్త ఏడుస్తున్నది సంతోషంతోని. నా మొకం నిలబెట్టినవ్. నా బిడ్డ మాటంటె మాటే అని అందరికి చెప్త, ఇప్పుడే పోయి చెప్త."

"వద్దు బాపు," అంది యశస్విని. "గా మాట ఎవ్వరికీ చెప్పకు."