తడి గొంగడి

కొండ ఉండాల్సిన చోటే ఉంది గానీ దాని మీది గడ్డి మాత్రం ఈరమ్మ గడప దాకా దిగి వచ్చింది, నడుమెత్తు ఎండుగడ్డి, గాలి లేకుండానే ఒక పక్కకు ఒరిగి ఉంది. దాన్ని రెండు చేతులా పాయలు తీసుకుంటూ ఆమె పోతోంది, పోయేకొద్దీ గొర్రెల దొడ్డి వెనక్కి జరుగుతోంది, ఆ దొడ్డి ముందర, మొన్న మంటల్లో పోయిన మొగుడు బీరప్ప గొంతుకూర్చుని బీడీ కోసం అంగీ జేబు తడుముకుంటున్నాడు. పోయినవాడని ఆమెకు తెలుసు. అయినా ముందు వస్తున్నది కోపమే.

"ఏమయ్యా, అగ్గిపెట్టె ఇంగా జేబులోనే పెట్టుకోనుండావా? సిగ్గు ల్యా?"

"మేం పెట్టింది పొద్దన్నే కదమే. అప్పుడు గాలే ల్యాకుండె."

అదీ నిజమే. తొలి వానకు లేతగడ్డి మొలవాలని ఏటా ఎండాకాలం చివర, గాలి లేని పొద్దున చూసి, కొండ అంచున ముదురుగడ్డికి నిప్పు పెట్టడం ఆ ఊళ్లో తాతలనాటి పని. ఈ ఏడు ఆరిపోయిందని అందరూ అనుకున్న నిప్పును మధ్యాహ్నపు గాలి లేపింది. గాలికి ఎవరి మీద కోపమో గానీ మంటను తరుముకుంటూ పోయి చుట్టుపక్కల ఊళ్ల గడ్డివాములన్నీ బూడిద చేసింది. పైదొడ్డిలో గొర్రెపిల్లలున్నాయి, తోడేళ్ల భయానికి దాని వాకిలికి ముళ్లకంప బిగించి కట్టారు. ఆ కంప లాగడానికి బీరప్పా, అతని జతగాడు లింగప్పా పైకి పరుగెత్తారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

ఇప్పుడా పిల్లలు బీరప్ప మోకాళ్ల చుట్టూ చేరి నోళ్లు తెరుస్తున్నాయి, అరుపు మాత్రం ఎక్కడో కింద ఊళ్లోంచి వినిపిస్తోంది, ఈరమ్మకు అదేమీ వింతగా లేదు.

"ఆకలైతాందే," అంటాడు బీరప్ప.

"చిన్నదినం నాడు కూడు పెట్టినా కదా! సంగటీ ఊరిమిండీ. నీకిష్టమని తెల్లగడ్డ దండిగా ఏసి నూరినా."

"అది నా కాడికి రాల్యా. నాకొచ్చిండేది సప్పగా ఉండె. తెల్లగడ్డే ల్యా దాంట్లో."

"నీ సమాధి మీదనే పెట్టినానయ్యా! నీ గొంగడి చూసే కదా నిన్ను గుర్తుపట్టింది!"

కొండ మీద దొరికిన ఇద్దరికీ ఆనవాలు మిగల్లేదు. గొర్రెలకాపరిని గొంగడిని బట్టి పోల్చుకోవడం అక్కడి ఆడవాళ్లకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఎంత దూరాన దిగి వస్తున్నా ఎవరి మొగుడో చెప్పేస్తారు. ఉన్ని త్వరగా కాలదు. తాను తెల్లదారంతో కుట్టిన అంచు కనబడగానే ఈరమ్మ ఆ మనిషి మీద పడి ఏడ్చింది. మిగిలిన మనిషిని లింగప్ప పెళ్లాం, పక్కింటి కరియమ్మ తీసుకుంది. పక్కపక్కనే పూడ్చారు.

"గొంగడా?" బీరప్ప తేలిగ్గా అంటాడు. "తొట్లో తడిపి లింగప్పకు కప్పితి. వాడు ఉత్త అంగీతో వచ్చిండె."

"అయితే నేను ఏడ్సింది ఎవురి మీద? తెల్లారితే పెద్దదినం, కూడు యాడ పెట్టల్ల? కరియమ్మతో ఏమని సెప్పల్ల? నీ మొగుడు నా కాడుండాడు, నా మొగుణ్ణి నాకిచ్చెయ్యమనల్లనా?"

"ఆకలైతాందే," అంటాడు మళ్లీ, అలిగిన పిల్లాడిలాగా, ఇంతలో ఒరిగిన గడ్డి సర్రున లేస్తుంది, అతను కంప లాగడానికి వెనక్కి తిరుగుతాడు, ఆమె కొంగు విప్పి అతని మీద కప్పబోతుంటే కొంగు ఎంతకీ అందదు.

మెలకువ వచ్చింది. తెల్లారుతోంది. మసి వాసన ఇంకా ఊరిని వదల్లేదు, దాన్ని తోసుకుంటూ గోడ అవతలినుంచి మరో ఘాటు వస్తోంది. ఈరమ్మ లేచి గోడ దగ్గరికి పోయింది. కరియమ్మ రోటి ముందు కూర్చుని పెద్దదినం కర్మకు ఊరిమిండి పచ్చడి నూరుతోంది. లింగప్ప తెల్లగడ్డ వాసన తగిలితేనే పళ్లెం తోసేసే మనిషి; ఆ ఇంటి రోట్లో అది పడటం ఈరమ్మ ఏనాడూ చూడలేదు. ఇప్పుడు రోటి పక్కన వెల్లుల్లి పొట్టు కుప్పగా పడి ఉంది.

కరియమ్మ తలెత్తలేదు.

"దండిగానే ఏసినానక్కా," అంది. "సాలునా, ఇంగా ఎయ్యల్లనా?"