నెలవంక ఎరుగని రాయి

ఆ ఏడు మొగుడి పేరున ఫాతెహా ప్రార్థన చదివించనని హుస్నాబీ తెగేసి చెప్పింది.

"హల్వా లేదు, ఊదు లేదు. మాట తప్పినోనికి ఏం ఫాతెహా?" అంటూ చాటలో తునికాకు కత్తిరిస్తోంది.

పక్కనే బీడీలు చుడుతున్న విమలమ్మ తలెత్తింది. ఇద్దరివీ గోడకు గోడ ఇళ్లు. "సచ్చినోనితోని కొట్లాటేందక్కా?"

"సస్తే మాట మీదికెల్లి తప్పుకుంటడా?"

బాబా మియా పోయి పదేళ్లు. రాగి గిన్నెలకు కళాయి పెట్టి బతికాడు. సిద్దిపేటలో సగం ఇళ్ల గిన్నెలు ఆయన చేతిలో తెల్లబడ్డాయి. ఆ పొగకు ఆయన ఊపిరి మాత్రం నల్లబడింది. అదేమని అడిగినవాడు లేడు. చివరి తెల్లవారుజామున లోపల గాలాడక మంచం వాకిట్లో వేయించుకున్నాడు. వణికించే చలి. పైన చుక్కలు ఒకదాని వెనక ఒకటి రాలుతున్నాయి.

"చూస్తున్నవా హుస్నా? నేను పోయినంక ఏటేట గీ రోజు గిట్లనే వస్త. నువ్వు కండ్లు తెరిచి కూసో" అన్నాడు. పిచ్చి మాటలు మాని పండుకొమ్మని ఆమె తిట్టింది. పొద్దెక్కకముందే పోయాడు.

బారా వఫాత్ పండుగ ఇంకో నాలుగైదు రోజులుందనగా పోయాడు. ఆ లెక్కన ఏటా ఆయన పోయిన రోజు, బర్సీ, వస్తుంది. ఏటా ఆమె చీకట్లోనే లేచి వాకిట్లో కూర్చుంది. ఒక్కటంటే ఒక్క చుక్క ఆమె కోసం రాలలేదు. ఈసారి బర్సీ ఆగస్టులో పడింది. ముసురులో తడిసి లోపలికొచ్చి, ఇక ఆ మనిషితో తనకు సంబంధం లేదనుకుంది. అనుకున్నాక రెండు రోజులు అన్నం సయించలేదు.

విమలమ్మ ఆ సంగతి హరికిషన్ చెవిన వేసింది. అతను బీడీ సంఘం కుర్రాడు. సాయంత్రం పూట ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతాడు, దొరికిన సైన్సు పుస్తకమల్లా నమిలేస్తాడు. మూఢనమ్మకం అనగానే చొక్కా చేతులు మడుచుకొని వచ్చేశాడు.

"చిన్నమ్మా, గవి చుక్కలు కావు. సూర్యుని చుట్టు ఒక రాయి తిరుగుతది. మన సిద్దిపేటంత ఉంటది, బొగ్గులెక్క నల్లగ. దాని జాడ దొరికింది సుత మీ ఆయన పోయిన ఏడే."

"రాయికి, నాకు ఏంది?"

"ఇను. గా రాయి సూర్యుని పక్కకెల్లే పోతది. నీ పొయ్యి రాయి మంటకు పెచ్చులూడదా? గట్లనే అయితదేమో అని నా అందాజ. పెద్ద పెద్దోళ్లకే ఇంక తేలలేదు. తోకచుక్కకైతే మంచు కరిగి దుమ్ము రాలుతది. దీనికి తోక లేదు, దుమ్ము మాత్రం బాటంత పరుచుకొని ఉన్నది. ఏటా డిసెంబర్ నడుమ మన భూమి గా బాట దాటుతది. నూకలంత బెడ్డలు గాలికి రాసుకొని మండుతయి."

హుస్నాబీ కత్తెర కింద పెట్టింది. "డిసెంబర్ల? మా ఆయన పోయింది బారా వఫాత్ నెలల."

"గా ఏడు బారా వఫాత్ డిసెంబర్లనే వచ్చింది చిన్నమ్మా. మీ నెలలు చందమామను పట్టుకొని ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతయి. రాయికి నెలవంక తెల్వదు. అది రోజు తప్పదు."

ఆమె గొంతు తగ్గించి అడిగింది. "అంటే ఆయన వస్తనే ఉన్నడా?"

"ఆయన కాదు, దుమ్ము."

"మట్టిల పెట్టి పదేండ్లాయె. మా ఆయన గిప్పుడు దుమ్ము గాక ఏందిరా బేటా?"

హరికిషన్ మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.

డిసెంబర్ పద్నాలుగున తెల్లవారుజామున ఆమె గొంగడి కప్పుకొని బయటికొచ్చింది. ఇప్పుడు కూడా రాకపోతే ఇక ఏ నెలను అడగాలి? తోడుగా విమలమ్మ కూర్చుంది. చందమామ లేడు. పాలవాడి సైకిల్ గంట దూరంగా మోగింది. హుస్నాబీ మెడ నొప్పెట్టింది.

ఒకటి జారింది. నిదానంగా, తెల్లగా. ఇంకొకటి. వెంటనే రెండు.

"పదేండ్ల సంది వస్తున్నవట" అంది పైకి చూస్తూ. "నేనే లేను. మాట తప్పింది నేను, తిట్లు తిన్నది నువ్వు."

విమలమ్మ చప్పుడు చేయకుండా లేచి తన ఇంట్లోకి పోయింది. గోడ అవతలి నుంచి హుస్నాబీ గొంతు వినిపిస్తూనే ఉంది.

"మన బిడ్డ బద్రున్నీసా పెండ్లి చేసిన. ఏడ్సకుండనే చేసిన. గిప్పుడు దానికి కొడుకు. ముక్కు నీదే, గంత లావు. ఆగాగు, ఇంక శాన చెప్పేదున్నది, గప్పుడే తెల్లారనియ్యకు..."