ప్రవల్లిక పేరు మీద

పనసకాయ కొయ్యాలంటే ముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకోవాలి. లేకపోతే ఆ జిగురు రెండ్రోజులైనా వదలదు. ఆ ఉదయం పెరట్లో కూర్చుని పొట్టు కొడుతుంటే మా ఆయన గుమ్మంలోంచి కేకేశాడు.

"యూనివర్సిటీ నుంచి నలుగురు వత్తన్నారు. కూరలో జీడిపప్పు దండిగా ఎయ్యి. పలాస వచ్చి జీడిపప్పు తినకుండా ఎల్తే ఏటనుకుంటారు? అన్నట్టు, నువ్వొక సంతకం ఎట్టాల."

"దేనికండీ?"

"పాప పేరు మీద నిధి ఎడతన్నాం కదా, ఆడపిల్లల సదువుకి. నీ తోట అమ్మిన డబ్బులు నీ పేరు మీదే ఉన్నాయి. అందుకని సంతకం నీదే కావాలంట."

అంతే చెప్పి కాశీబుగ్గలో మా జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. 'ఎడతన్నాం కదా' అన్నాడు. ఎప్పుడనుకున్నాం? ఎవరం అనుకున్నాం? ఆ జీడితోట పూండి దగ్గర మూడెకరాలు. మా నాన్న సన్యాసయ్య నా పెళ్లప్పుడు పసుపుకుంకుమ కింద రాసిచ్చాడు. పెద్ద తుఫానుకి సగం చెట్లు కూలిపోతే మళ్లీ మొక్కలు నాటించి, మొదటి రెండేళ్లూ బిందెలతో నీళ్లు పోయించింది నేను. పిక్కలు రాలే రోజుల్లో కొంగు నెత్తిన వేసుకుని, కూలి ఆడవాళ్లతో పాటు వంగి ఏరింది నేను. ఆ పిక్కలు తిన్నగా మా ఫ్యాక్టరీకే వెళ్లేవి. అదేదీ పని కింద ఎవరికీ కనపడలేదు. వనజ ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, "ఏటి సేత్తాదండి, ఇంట్లోనే ఉంటాది" అనేవాడు మా ఆయన. మొన్న మార్చిలో తోట అమ్మేద్దామంటే సంతకం పెట్టాను. ఫ్యాక్టరీకి మిషన్లు కొంటాడేమో అనుకున్నాను. అది కూడా అడగలేదు. అడగకుండా ఉండడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, అది నా స్వభావం అని నేనే నమ్మేశాను.

పాప పేరు మీద. మా ప్రవల్లిక పేరు మీద.

అది పోయి అప్పటికి అయిదేళ్లు. టెక్కలిలో బీయస్సీ చదివింది, రోజూ బస్సులో వెళ్లి వచ్చేది. చెట్లంటే పిచ్చి. కనపడ్డ ఆకల్లా తెచ్చి పాత పేపర్లలో పరిచి బియ్యం బస్తాల కింద పెట్టేది. తొంభై ఎనిమిదిలో దానికి యూనివర్సిటీలో బాటనీ ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

"ఎమ్మెస్సీ సదివి ఏటి సేత్తావు? మన ఫ్యాక్టరీలో పిక్కలు లెక్కెట్టడానికి ఎమ్మెస్సీ కావాలేటి?" అన్నాడు వాళ్ల నాన్న, నవ్వుతూనే.

మా అత్త బొడ్డమ్మ మంచం మీంచి లేవకుండానే తీర్పు చెప్పేసింది. "గుంటకి ఇరవై నిండిపోనాయి. ఇంకా ఆస్టళ్లు, గీస్టళ్లు అంటే ఎవుడు సేసుకుంటాడు?"

అప్పుడది వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, నువ్వైనా సెప్పవే. నువ్వు గట్టిగా ఒక్కసారి సెప్తే నాన్న వింటాడు."

నేను పప్పు తాలింపు వేస్తున్నాను. ఈయనకి కోపం వస్తే ఎన్ని రోజులు అన్నం కంచం ముందు మాటలు పడాలో, అత్త ఎన్ని సణుగుళ్లు సణుగుతుందో, అవన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. "నాన్న మాట విను. ఇంటికి శాంతి ఉంటాది," అన్నాను. ఇంకేమీ అనలేదు. అది కాసేపు నిలబడింది, తర్వాత వెళ్లిపోయింది. నేను తాలింపు మాడకుండా చూసుకున్నాను.

తర్వాతి ఫిబ్రవరిలో ఇచ్ఛాపురం సంబంధం చేశాం. రెండేళ్లకి కాన్పు కష్టమై తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. మా ఆయనకి కూతురంటే ప్రేమ లేదని నేననను. నెల రోజులు సరిగ్గా తిండి తినలేదు. ఇప్పటికీ పొద్దున్నే దాని ఫోటోకి దండ తనే మారుస్తాడు. ప్రేమ ఉండీ ఇలా చేశాడనేదే నాకు మింగుడు పడని సంగతి. ఇలా చేశాడని కాదు, ఇలా చేశామనాలి.

పన్నెండింటికి జీపు దిగారు. ప్రొఫెసర్ ఈశ్వరరావుగారు, ఆఫీసు మనుషులు ఇద్దరు, వాళ్ల వెనక కాగితాల సంచి మోసుకుంటూ ముప్పై దాటిన ఒక సన్నటి అమ్మాయి. ప్రొఫెసర్ ఆమెను చూపించి, "ఈవిడ దేవి, మా దగ్గరే పాఠాలు చెబుతారు. ఈ నిధి ప్రతిపాదన అంతా రాసింది ఈవిడే," అన్నారు. మా ఆయన మర్యాదగా తల ఊపి, "అలాగా, మంచిదమ్మా. నువ్వు లోపల ఆడోళ్లతో కూకో. మేం మాటాడుకుంటాం," అన్నాడు. ఆమె ప్రొఫెసర్ వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. సంచి అక్కడే పెట్టి లోపలికి వచ్చేసింది.

వస్తూ వస్తూ హాల్లో గోడ మీది ఫోటో దగ్గర ఆగింది. వంటింట్లోకి వచ్చాక కూడా తలుపులోంచి అటే చూస్తోంది. నేను కూరలో జీడిపప్పు కలుపుతుంటే, చెప్పకుండానే విస్తళ్లు కడిగి తుడవడం మొదలుపెట్టింది.

"నీదే వూరమ్మా?" అన్నాను.

"బారువండి. మా అమ్మ ఎండుచేపలు అమ్మేది. నన్ను మా మేష్టర్లే సదివించారు." వంటింట్లోకి రాగానే ఆమె మాట మా మాటలోకి దిగిపోయింది. "పార్ట్ టైమ్ ఉద్యోగమండి నాది. ఆరేళ్లయింది. పోస్టులు ఖాళీగా ఉన్నాయి గానీ నింపట్లేదు. క్లాసు సెప్తే క్లాసుకింతని ఇత్తారు. ఎండాకాలం సెలవులొస్తే ఏమీ ఉండదు. కాన్పుకి మూడు నెల్లు ఎల్తే ఆ మూడు నెల్లూ అంతే. పిల్లలకి నలుగురికొక మైక్రోస్కోపండి. ఒకళ్లు సూత్తంటే ముగ్గురు నిలబడాల. అందుకే మీలాంటోళ్లని అడుగుతున్నాం. వడ్డీలో ఇద్దరు ఆడపిల్లల సదువు పోగా మిగిలింది పార్ట్ టైమ్ వోళ్లకి సెలవుల్లో జీతం కింద ఇవ్వమన్నాం. మీ సారు ఒప్పుకోలేదు. జీతాలు గవర్నమెంటు ఇచ్చుకోవాల అన్నారు."

విస్తరి తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"అమ్మా, ఒక మాట సెప్పాల. సెప్పకూడదేమో గానీ. ఆ అమ్మాయిని నేను సూశానండి."

"ఎవర్ని?"

"మీ పాపని. ఇందాక ఫోటో సూశాక గుర్తొచ్చింది. తొంభై తొమ్మిది జూలైలో. నేనప్పుడు అక్కడే రీసెర్చి సేత్తన్నాను. అడ్మిషన్ల రోజులు. మెడలో కొత్త పసుపుతాడు. సేతిలో పాత సీటు కాగితం. పోయినేడు సీటొచ్చిందండీ, ఇప్పుడు సేరొచ్చా అంది. అది సెల్లదమ్మా, మళ్లీ ఎంట్రన్స్ రాయాల అన్నాను. ఫీజులెంత, హాస్టలుకెంత అన్నీ అడిగి కాగితం మీద రాసుకుంది. ఇంట్లో అడగలేనండీ, పెళ్లయినోళ్లకి ఎవరైనా సాయం సేసే నిధి ఏమైనా ఉందా అని అడిగింది."

"ఉందా?"

"లేదన్నానండి. అప్పుడు లేదు." ఆమె తుడిచిన విస్తరినే మళ్లీ తుడిచింది. "ఎవరి అమ్మాయో తెలీదు నాకు. మాది పలాస అని మాత్రం అంది. చాలాసేపు మా డిపార్ట్‌మెంటు మెట్ల మీద కూకుంది. మంచినీళ్లిచ్చాను."

పొయ్యి కట్టేశాను. ఆ జూలై నాకు గుర్తుంది. ఒకరోజు సాయంత్రం చెప్పాపెట్టకుండా ప్రవల్లిక ఒక్కతే వచ్చింది. ముఖమంతా దుమ్ము. "అన్నం ఎట్టమ్మా," అంది. మూడుసార్లు పెట్టించుకుని తింది. అత్తారింట్లో సరిగ్గా పెట్టట్లేదేమోనని నేను గుచ్చి గుచ్చి అడిగాను. "అదేటి లేదమ్మా, బాగానే సూత్తారు" అంది. చెప్పకుండా వస్తే వాళ్లేమనుకుంటారని కోప్పడ్డాను. తెల్లవారి పండ్లూ చీరా పెట్టి ఇచ్ఛాపురం బండెక్కించేశాను. ఎక్కడి నుంచి వస్తున్నావని ఒక్క మాట అడగలేదు. నేను పుట్టింటికి వచ్చిందనుకున్నాను. అది నాలుగు గంటల దూరం వెళ్లి, ఫ్యాక్టరీ యజమాని కూతురై ఉండి, తెలియని వాళ్ల దగ్గర సాయం అడిగి, లేదనిపించుకుని, ఆకలేసి మా ఇంటికి వచ్చింది.

భోజనాలయ్యాయి. పొట్టు కూర చాలా బాగుందని అందరూ అన్నారు. "మా ఇంటావిడ వంటలో ఎక్స్‌పర్టండి," అన్నాడు మా ఆయన. తర్వాత టేబుల్ తుడిపించి, కాగితాలు పరిచి నన్ను పిలిచాడు.

"ఇక్కడెట్టు. టిక్కు ఎట్టిన చోట."

నేను కళ్లజోడు తెచ్చుకున్నాను. చదవడం మొదలుపెట్టాను.

"అదేటి, అంతా సదువుతావేటి? మేష్టార్లకి టైమైపోతాది."

పదో తరగతి వరకూ చదివాను నేను. తెలుగులోనే ఉంది. మొదటిది నిధి పేరు. రెండోది, ఏటా బాటనీ ఎమ్మెస్సీలో చేరే ఇద్దరు పేద విద్యార్థినులకి ఫీజు, హాస్టలు ఖర్చు. మూడోది, వారు అవివాహితులై ఉండాలి. చదువు మధ్యలో వివాహమైతే సాయం నిలిపివేయబడును.

"ఈ మూడోది ఎవరు పెట్టారు?" అన్నాను.

"నేనే," అన్నాడు మా ఆయన. "పెళ్లయ్యాక మొగుళ్లు సూసుకుంటారు. మన డబ్బెందుకు?"

"ఇది కొట్టేస్తే సంతకం పెడతాను."

ఆయన నవ్వాడు. వచ్చినవాళ్ల వంక చూసి, "ఆడోళ్లకి ఇయ్యన్నీ తెలీవండి," అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పరువు తియ్యకు. ఎట్టు."

తప్పు చేసిన పిల్లలా అనిపించింది, నలభై తొమ్మిదేళ్ల మనిషికి. అయినా పెన్ను పక్కన పెట్టేశాను. "మన పాపకీ పెళ్లయింది కదండీ. ఈ లెక్కన దాని పేరు మీద పెట్టే నిధి దానికే రాదు."

"పోయిన పిల్లనిప్పుడెందుకు తెత్తావు?" అన్నాడు మా ఆయన, మెల్లగా.

"పేరు మీరే పెట్టారు కదండీ."

ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకుని, దాత అమ్మగారే కాబట్టి ఆవిడ ఇష్టప్రకారం మార్చడానికి వీలుందన్నారు. నేను ఇంకో మాట కూడా చెప్పాను. మిగిలే వడ్డీలో పార్ట్ టైమ్ వాళ్లకి సెలవుల జీతం ఇవ్వమని రాయండి. గుమ్మం దగ్గర నిలబడ్డ దేవి ముందుకొచ్చింది. తన సంచిలోంచి తెల్లకాగితం తీసి, మా ఆయన ఎదురుగానే కూర్చుని, మార్పులన్నీ తన చేత్తోనే రాసింది. అప్పుడు సంతకం పెట్టాను.

జీపు కదలగానే ఆయన విరుచుకుపడ్డాడు. "నలుగురిలో నా నోరు మూయిత్తావా? ఎవత్తె నూరిపోసింది నీకు? ఆ సంచి మోసుకొచ్చిందేనా?" చాలాసేపు అరిచాడు. అరవనిచ్చాను. ఆగాక, ప్రవల్లిక ఆ రోజు ఎక్కడికి వెళ్లిందో, ఏం అడిగిందో చెప్పాను.

"అబద్ధం," అన్నాడు. "నా కూతురు బయటోళ్లని అడుగుతాదేటి? నన్నడిగితే ఇవ్వనేటి?"

"ముందు మనల్నే అడిగిందండీ."

ఆయన కుర్చీలో కూలబడిపోయాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఏదో బరువు మోస్తున్నవాడిలా వంగిపోయాడు. ఎప్పుడూ చూడలేదు ఆయన్ని అలా. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేద్దామనిపించింది. వెయ్యలేకపోయాను. తలెత్తి, "ఈ మాట ఎవరికీ సెప్పకు," అన్నాడు. ఏడుస్తాడనుకున్నాను. అది మాత్రమే అన్నాడు.

ఆగస్టులో యూనివర్సిటీలో సభ పెట్టారు. ఆహ్వానపత్రిక ఆయనే దగ్గరుండి అచ్చు వేయించాడు: 'ఉన్నత విద్యాభిలాష తీరకుండానే విధి వక్రించి అకాలమరణం చెందిన కీ.శే. ప్రవల్లిక స్మృత్యర్థం.' రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. ఈ దారినే అది ఒక్కతే వెళ్లింది. ఏ స్టేషన్లో భయపడిందో, ఏ స్టేషన్లో ధైర్యం తెచ్చుకుందో.

వేదిక మీద ఆయన పక్కన నన్ను కూర్చోబెట్టారు. మా ఆయన్ని, తారకేశ్వరరావుగారిది దొడ్డ మనసని, స్త్రీ విద్య కోసం పరితపించే మనిషని అందరూ పొగిడారు. ఆయన తల వంచుకునే ఉన్నాడు. సాయం అందుకోవడానికి ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఒకమ్మాయి మెళ్లో మంగళసూత్రం ఉంది. వేలికి ఇంకు మరక. నా చేతిలోంచి కవరు తీసుకుంది. నీదే వూరమ్మా అని అడుగుదామనుకుని, ఊరికే తల నిమిరాను.

చివర్లో ప్రొఫెసర్ గారు, "తల్లిగారు కూడా రెండు మాటలు చెబితే బాగుంటుంది," అన్నారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నమస్కారం ఎట్టేసి వచ్చెయ్," అన్నాడు లోగొంతుకతో. బతిమాలుతున్నట్టు ఉంది ఆ మాట. ఆయన మీద నాకు జాలి వేసింది. చెయ్యి మెల్లగా విడిపించుకుని మైకు దగ్గరికి నడిచాను. ఎదురుగా రెండొందల మంది పిల్లలు. అప్పటి మా పాప వయసువాళ్లే అందరూ.

"మీ అందరికీ పంచిన కాగితంలో విధి అని రాసుంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "విధి కాదమ్మా. మా పాపకి ఇక్కడ సీటొచ్చింది. మేమే పంపలేదు. అందరికన్నా ముందు తల్లిని, నన్నడిగింది. నేనే వద్దన్నాను."