పిల్లల వరుస మీదుగా బాట

మొయినాబాద్ దాటి చేవెళ్లకు పోయే రోడ్డు పక్కన ఒక ఊరిలో సరోజమ్మ చామంతి తోటల్లో కూలికి పూలు కోసేది. ఆదివారం సెలవు. చర్చిలో ప్రార్థన ముగిశాక, ముందు రోజు తోటలో మిగిలిన పూలు కొంగులో పోసుకుని ఊరి బయటి సమాధుల తోటకు వెళ్లడం ఆమెకు అలవాటు. అక్కడ ఆమె భర్త ప్రేమదాసు ఉన్నాడు. కొంచెం అవతల, పిల్లలను పాతిపెట్టే వరుసలో, తొమ్మిదేళ్లకే మెదడువాపుతో పోయిన కూతురు ఎస్తేర్ ఉంది. ఆ వరుసలో పేర్లు చెక్కిన రాళ్లుండవు. ఇటుకలు పేర్చి సున్నం పూసిన చిన్న చిన్న తిన్నెలే.

ఒక ఆదివారం ఆమె అక్కడికి వెళ్లేసరికి ఒక పక్క గోడంతా పడిపోయి ఉంది. సిలువలు విరిగి బోర్లా పడ్డాయి. ప్రేమదాసు పేరున్న బండ రెండు ముక్కలైంది. పిల్లల తిన్నెలను ఎవరో గడ్డపారతో పొడిచినట్టు ఇటుకలు చెల్లాచెదరయ్యాయి. అంతటా సీసా పెంకులు. సరోజమ్మ ఏడవలేదు. కూతురి ఇటుకలు ఏవో, పక్క పిల్లవాడి ఇటుకలు ఏవో తెలియక చాలాసేపు అట్లాగే నిలబడింది. ఆ తర్వాత పూలన్నీ ఒకేచోట పెట్టి ఇంటికి వచ్చేసింది.

పోలీసులు వచ్చారు, చూశారు, గుర్తు తెలియని వ్యక్తుల పని అని రాసుకుని వెళ్లారు.

అవి హైదరాబాదు పడమర దిక్కున అద్దాల మేడలు లేస్తున్న రోజులు. గచ్చిబౌలిలో ఒక కంపెనీ తెరిస్తే గండిపేట అవతలి చెలకల దాకా ధరలు కదిలేవి. జొన్న పండిన నేలలో రంగురంగుల హద్దురాళ్లు మొలిచాయి. సమాధుల తోట వెనక రామన్న అనే రైతు అమ్మిన పొలంలో కూడా ఇళ్ల ప్లాట్ల వెంచర్ ఒకటి లేచింది. దానికి అన్నీ ఉన్నాయి. మెయిన్ రోడ్డుకు దగ్గరి దారి మాత్రం లేదు.

నెల తిరగకముందే వెంచర్ మేనేజర్ గణేష్ చర్చికి వచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రవాడు. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చి, పాస్టర్ సాముయేలుకు చేతులు జోడించాడు.

"జరిగింది చూసి మాకు మస్తు బాధైంది పాస్టర్‌గారూ. గోడ కొత్తగా మేమే కట్టిస్తం. రాళ్లన్నీ గ్రానైట్‌తో చేయిస్తం. ఈ పక్కకెల్లి జర రోడ్డుకు జాగ ఇయ్యండి, చాలు. అటు ఎట్లాగూ సమాధులు లేవు కదా."

అతడు చేయి చూపింది పిల్లల వరుస వైపు.

చర్చి సంఘంలో చాలామందికి అది మంచి మాటే అనిపించింది. అందరూ కూలీనాలీ చేసుకునేవాళ్లు. గోడ లేపే స్తోమత వాళ్లకెక్కడిది? పాస్టర్ కూడా అలసిపోయి ఉన్నాడు. "దేవుడే ఈ దారి చూపిండేమో," అన్నాడు. సరోజమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

ఆమె కొడుకు వరప్రసాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో ఇంటికి వస్తాడు. ఆ మాట విని విసుక్కున్నాడు.

"వాళ్లు కట్టిస్తమంటే నీకేమైతదమ్మా? బాపుకు గ్రానైట్ బండ వస్తది. మనతోని అయితదా అది?"

"మీ అక్క మీదికెల్లి కార్లు పోతయిరా."

"అక్క పోయి ఎన్నేండ్లాయె..."

ఆ మాట సగంలోనే ఆపి, అన్నం తినకుండానే ముసుగు తన్ని పడుకున్నాడు. సరోజమ్మ అతడి మీద కోపం తెచ్చుకోలేదు. అక్క పోయిననాడు వాడు ఇంకా పాలు తాగే పిల్లవాడు. వాడికి ఆమె ముఖం కూడా తెలియదు.

ఆమె సర్పంచ్ ఆంజనేయులు ఇంటికి వెళ్లింది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. "అది మీ చర్చి జాగ సరోజమ్మా. పంచాయతీ పైసలు పెట్టొద్దు. రేపు ఎవడన్న అడిగితే నేనేం చెప్పాలె?" అన్నాడు. పెద్ద ఆఫీసుకు పోయి అడగమన్నాడు. పెద్ద ఆఫీసులో ఒక గదివాళ్లు ఇంకో గదికి పంపారు. ఆ గదిలోని గుమాస్తా చెడ్డవాడేం కాదు. మంచినీళ్లు ఇచ్చి, "దీనికి మా దగ్గర పద్దు లేదమ్మా. విరగ్గొట్టినోళ్లను పట్టుకోవడం పోలీసుల పని, బాగు చేసుకోవడం మీ పని," అని మెల్లగా చెప్పాడు. తోటలో ఆ రోజు కూలి పోగొట్టుకుని ఆమె అట్లా ఎన్నిసార్లు బస్సెక్కిందో ఆమెకే గుర్తులేదు. చివరికి కాళ్లు వాచాయి. ఒప్పుకుంటానని పాస్టర్‌కు చెప్పేద్దామనే అనుకుంది.

ఆ వారమే గ్రామసభ పెట్టారు. సరోజమ్మ తోట నుంచి నేరుగా వచ్చి ఆడవాళ్ల వెనక కూర్చుంది. మురుగు మోరీలు, వీధిలైట్లు, హిందువుల శ్మశానానికి రేకుల షెడ్డు, ఒక్కొక్కటీ చదివి ఒప్పుకుంటున్నారు. ఇంకేమైనా ఉందా అని సర్పంచ్ అడిగినప్పుడు ఆమె లేచింది. చెప్పాలనుకున్నదంతా మరచిపోయింది.

"బడి కిటికీలు ఎవడన్న పలగ్గొడితే పంచాయతే ఏయించింది. మా గోడ ఎందుకు కట్టియ్యదు? మేం ఇంటి పన్ను కడ్తలేమా?" అని మాత్రం అని కూర్చుండిపోయింది.

ఎవరో వెనక నుంచి, "వెంచరోళ్లు కట్టిస్తమంటున్నరు కదా, ఊరి పైసలెందుకు?" అన్నారు.

అప్పుడు రామన్న లేచాడు. పొలం అమ్మిన తర్వాత ఆయన సభల్లో నోరు విప్పడం ఎవరూ చూడలేదు.

"నేను చెప్త వెంచరోళ్ల సంగతి. నా పొలం మూలకు మా బాపు సమాధి ఉండె. దాన్ని ముట్టమని మాటిచ్చిండ్రు. నేను నమ్మి సంతకం పెట్టిన. ఇయ్యాల దాని మీద ఆఫీసు రూము ఉన్నది. పోయిన పెత్రమాసకు బాపు పేరు మీద నీళ్లు ఇడుద్దామని పోతే గేటుకాడ వాచ్‌మన్, 'ఎవలు కావాలె పెద్దాయనా' అని అడిగిండు. బాపు కావాలె అని ఎట్ల చెప్త?"

ఆయన సర్పంచ్ వైపు తిరిగాడు.

"గోడ కట్టిచ్చినోడు రేపు జాగ నాదే అంటడు. ఊరు కట్టిన గోడను ఎవడు అడుగుతడు? మన శ్మశానానికి షెడ్డు ఏసుకుంటున్నం. సరోజమ్మ బిడ్డ మీదికెల్లి మాత్రం రోడ్డు పోనిస్తమా? ఆ పోరి మా చెలకల రేగుపండ్లు ఏరుకుని తిన్న పిల్ల. ఆమె మనూరి పిల్ల గాదా?"

ఆంజనేయులు పంచాయతీ కార్యదర్శి వైపు తిరిగి, "రాయండి సార్. ఎవడడిగినా నేనే జవాబు చెప్త," అన్నాడు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని అనలేం. మంజూరు కాగితం రావడానికే ఎండాకాలం గడిచిపోయింది. వానల్లో పని ఆగింది. గ్రానైట్ రాలేదు. విరిగిన బండలను సిమెంటుతో అతికించారు, అతుకులు కనబడతాయి. పగలగొట్టింది ఎవరో ఈనాటికీ తేలలేదు. గణేష్ వెంచర్ చుట్టుదారి వెతుక్కుంది. గోడ కడుతున్న రోజుల్లో వరప్రసాద్ డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చి గోడకు నీళ్లు కొట్టేవాడు. పిల్లల తిన్నెలను తల్లీ కొడుకులే మళ్లీ పేర్చారు. ఏ ఇటుక ఎవరిదో తెలియక అన్నింటికీ ఒకే తీరుగా సున్నం పూశారు.

మరుసటి ఏడు, పెద్దలకు నీళ్లు వదిలే పెత్రమాస నాటి పొద్దున సరోజమ్మ అక్కడ గడ్డి పీకుతోంది. రామన్న చెంబుతో నీళ్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలా వద్దా అన్నట్టున్నాడు.

"చెల్లె, నేను జరసేపు గీడ కూసోవచ్చా? గోడ అవతలనే మా బాపు. గింతకన్న దగ్గరికి పోనిస్తలేరు."

సరోజమ్మ పీకిన గడ్డి పక్కకు నెట్టి చోటు చూపించింది. ఆయన గోడ మొదట్లో నీళ్లు వదిలి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఇద్దరూ అలసిన మనుషులే. సరోజమ్మ మళ్లీ గడ్డి పీకడం మొదలుపెట్టింది.

చదివేవాళ్లు ఒక్కమాట ఆలోచించాలి. పోయినవాళ్ల కోసం ఏడవడం వాళ్ల ఇంటివాళ్ల పని. వాళ్లు పడుకున్న నేలను కాపాడటం మాత్రం ఊరందరి పని, దానికి ఊరందరి సొమ్మే ఖర్చు కావాలి.