బోణీ కాకముందు వచ్చిన మెమరీ

బోణీ కాకముందు అమ్మిన సరుకు వెనక్కి తీసుకోకూడదు. ఈ మాట నారాయణమూర్తికి తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు. తాత అమ్మింది ఇత్తడి బిందెలు, తండ్రి అమ్మింది రేడియోలు, నారాయణమూర్తి అమ్ముతున్నది కంప్యూటర్లు. సరుకు మారింది గాని మాట మారలేదు. పొద్దున్నే షాపు తెరిచి, లక్ష్మీదేవి పటానికి అగరొత్తి తిప్పి కూర్చున్నాక ముందు ఎవరో ఒకరు ఏదో ఒకటి కొనాలి. ఆ తరవాతే ఎవరి గోడైనా వినాలి. పాడైన సరుకు ముందుగా గడప దాటిందంటే ఆ రోజంతా వ్యాపారం వెనక్కే నడుస్తుందని నరసన్నపేట బజారులో సగం మంది నమ్మకం.

ఆ నమ్మకం తనకు ఎంత లాభం తెచ్చిందో ఆయన ఏనాడూ చూసుకోలేదు. నష్టం మాత్రం రెండు వేల పదిహేను వేసవిలో, ఒక మంగళవారం నాడు తెలిసింది.

ఆ రోజు షట్టరు సగం ఎత్తేసరికే ధనలక్ష్మి మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాత దుప్పటిలో చుట్టిన సీపీయూ. భావనపాడులో తొలి ఆటో ఎక్కి, టెక్కలిలో బస్సు పట్టుకుని వచ్చింది. తల్లి దాలమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతుంది. కూతురు డిగ్రీ చదివి, ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని ఊరివాళ్ళకి దరఖాస్తులు నింపి పెడుతుంది. పద్నాలుగు నెలల కిందట ఆ కంప్యూటరు అమ్మింది నారాయణమూర్తే. ఆమె మాట మీద ఆ తీరం నుంచి మరో ముగ్గురు వచ్చి కొన్నారు.

"మళ్ళీ ఏటమ్మా?"

"అదే నీలం తెర, సావుకారు బాబూ. పని సేస్తండగానే నీలంగా అయిపోయి, ఇంగ్లీసులో ఏటో రాసేసి ఆగిపోతన్నాది. రాత్రి ఆరుసార్లు ఆగిపోనాది."

ఇది మూడోసారి రావడం. మొదటిసారి వచ్చినప్పుడు నారాయణమూర్తి వైరసన్నాడు. అందులో ఉన్నదంతా చెరిపించి, మళ్ళీ విండోస్ వేయించి పంపాడు. రెండోసారి సముద్రం పక్కన ఉప్పుగాలి అన్నాడు. షాపులో మెకానిక్ గంగరాజు, వరసకి మేనల్లుడు, మెమరీ ముక్క ఊడదీసి దాని పళ్ళని పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. గంటసేపు బాగానే నడిచింది. "గంట సాలదు మావయ్యా, మెమరీకి టెస్టు పెడితే గానీ దాని గుట్టు తెలీదు," అన్నాడు గంగరాజు అప్పుడే. బల్ల ఖాళీ లేదని నారాయణమూర్తి మిషను కట్టించి పంపేశాడు. మళ్ళీ విండోస్ వేయించి, మళ్ళీ అంతా చెరిపించి.

"ఈ సాయంత్రం అయిదుకి గడువు బాబూ," అంది ధనలక్ష్మి. "సముద్రంలో వేట ఆపేసిన రోజులకి సర్కారు సాయం వస్తాది కదా, దానికి మా ఊరోల పేర్లు ఎక్కించాల. నలబై మంది కాయితాలు నా కాడున్నాయి. నన్ను నమ్మి ఇంకెక్కడికీ ఎల్లనేదు ఆలు. నాను బేగి ఇంటికి సేరాల."

"బోణీ అవ్వనీ తల్లీ. ఇప్పుడే కదా తెరిసినాను. అలా బల్ల మీద కూకో."

బల్ల షాపు బయట ఉంది. ఆమె వెళ్ళి దాని మీద కూర్చుంది.

తొమ్మిదింటికి గంగరాజు వచ్చాడు. బయట బల్ల చూశాడు, లోపల మావయ్యని చూశాడు.

"లోపలికి తెచ్చి టెస్టు పెట్టేద్దునా మావయ్యా? పదింటికి కొండబాబు వస్తాడు."

కొండబాబు శ్రీకాకుళంలోని హోల్‌సేలు వాళ్ళ మనిషి. ప్రతి మంగళవారం వేన్ వేసుకుని షాపులన్నీ తిరుగుతాడు. వారంటీలో పాడైన ముక్క ఏదైనా ఉంటే, టెస్టులో తప్పు కళ్ళారా చూసి, స్టిక్కరు మీద నంబరు రాసుకుని, పాతది పుచ్చుకుని కొత్తది చేతిలో పెట్టి వెళ్తాడు. పైసా అడగడు. ధనలక్ష్మి మెమరీకి మూడేళ్ళ వారంటీ ఉంది. ఈ సంగతులన్నీ గంగరాజుకి ఎంత తెలుసో నారాయణమూర్తికీ అంతే తెలుసు.

"బోణీ అవ్వనీరా."

"అదెప్పుడవుతాదో, కొండబాబు ఎప్పుడెల్లిపోతాడో."

"నీకు జీతం టెస్టులకా, జోస్యాలకా?"

గంగరాజు స్క్రూలు ఏరుకుంటూ కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకి ఒక కాలేజీ కుర్రాడు వచ్చి కీబోర్డు ధర అడిగి, ముక్కు విరిచి వెళ్ళిపోయాడు. ఎదురింటి మందుల షాపాయన అయిదు వందలకి చిల్లర కావాలని వచ్చాడు. "బోణీ కాకుండా సిల్లరేటయ్యా, నీకు బుద్ధి నేదా?" అని నారాయణమూర్తి కసిరాడు. "నీ కొట్లో బోణీ అయ్యేసరికి నా కొట్లో మందులకి డేటు అయిపోతాది," అంటూ ఆయన పోయాడు. బయట బల్ల మీద ధనలక్ష్మి మాటిమాటికీ సెల్లులో టైము చూసుకుంటోంది.

పదింటికి వేన్ వచ్చి ఆగింది.

"ఏటి బావా, ఈవారం నాకేటైనా ఉన్నాదా?" అన్నాడు కొండబాబు. "మెమరీలు నాలుగు తెచ్చినాను. ఇక్కణ్ణుంచి పాతపట్నం పోతన్నాను. మళ్ళీ వచ్చే మంగళవారమే."

ఒక్క మాట చాలు. 'అరగంట ఆగు బావా' అంటే కొండబాబు ఆగేవాడు. పదిహేనేళ్ళ స్నేహం. గంగరాజు చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. నారాయణమూర్తి ఖాళీ గల్లాపెట్టె వంక చూశాడు.

"ఏటీ నేదు. టీ తాగిపో."

కొండబాబు ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి బయట బల్ల మీద కూర్చున్నాడు. అతనికి చోటు సరిపోదని ధనలక్ష్మి దుప్పటి మూట ఒళ్ళోకి లాక్కుని ఓ పక్కకి ఒదిగింది. ఆమెకి కావలసిన ముక్క పది అడుగుల దూరంలో వేన్‌లో ఉంది. ఆమెకది తెలీదు. నారాయణమూర్తి షాపు ముందు అద్దంలోంచి ఇద్దర్నీ చూస్తూనే ఉన్నాడు. టీ అయిపోయింది. వేన్ వెళ్ళిపోయింది.

పదిన్నర దాటాక ధనలక్ష్మి లేచి వచ్చి, గడప దాటకుండా నిలబడింది.

"సావుకారు బాబూ, బోణీ నాను సేస్తే సెల్లుతాదా?"

నారాయణమూర్తికి నవ్వొచ్చింది. తెలివైన పిల్ల, బేరగత్తె కడుపున పుట్టిందిగా అనుకున్నాడు. ఆమె ఒక మౌసు కొంది. ఇంట్లో మౌసు బాగానే ఉంది. అయినా కొంది. నారాయణమూర్తి ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసి, "ఒరే గంగరాజూ, తియ్యి మిషను," అన్నాడు.

గంగరాజు టెస్టు పెట్టాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. తెర మీద ఒక ఎర్ర గీత పడింది. దాని కింద ఇంకొకటి. చూస్తుండగానే తెర సగం ఎర్రబడింది.

"మెమరీయే మావయ్యా. మెట్లలో ఒక మెట్టు పుచ్చిపోయినట్టు. దాని మీద కాలు పడనంత సేపూ బాగానే నడుస్తాది. పడితే అంతే."

"అయితే వైరస్సూ కాదు, ఉప్పుగాలీ కాదన్న మాట," అంది ధనలక్ష్మి. "మరి రెండుసార్లు నాదంతా సెరిపేసినారు కదా?"

నారాయణమూర్తి అలమరలోంచి కొత్త మెమరీ ముక్క ఒకటి తీశాడు.

"వారంటీ ఉన్నాది తల్లీ, భయం నేదు. వచ్చే మంగళవారం కొత్తది వచ్చేస్తాది, ఊరికే. ఇయాళే కావాలంటే మాత్రం ఒకటి కొనుక్కో. తరవాత వచ్చేది కూడా నీదే. రెండూ పెట్టుకుంటే మిషను గుర్రంలా పరిగెడతాది."

ఆమె ఓ క్షణం ఆలోచించి, పర్సులోంచి తల్లి ఇచ్చిన నోట్లు తీసింది. తడిసి ఆరి గరుకెక్కిన నోట్లు. నారాయణమూర్తి పుచ్చుకున్నాడు. గంగరాజు కొత్త ముక్క బిగిస్తూ, తనలో తను అనుకుంటున్నట్టే, కాస్త గట్టిగానే అన్నాడు.

"పదింటికి కొండబాబు బండిలో నాలుగున్నాయి."

"కొండబాబెవరు?" అంది ధనలక్ష్మి.

గంగరాజు తలెత్తి బయట బల్ల వంక చూశాడు.

"నా పక్కన కూకొని టీ తాగినాయనా?"

నారాయణమూర్తి బిల్లు పుస్తకం తిరగేయడం మొదలెట్టాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిస్తే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. ఆమె అరవలేదు. దుప్పటి పరిచి, సీపీయూ పెట్టి, నాలుగు చెంగులూ మెల్లగా ముడివేసింది.

"మా అమ్మ కూడా బోణీ సూస్తాది సావుకారు బాబూ. కానీ నిన్నటి సేప పాడైనాదని ఎవరైనా పొద్దున్నే తెస్తే, బోణీ కాకముందే మార్సి ఇస్తాది. బుట్టలో కంపు అట్టిపెట్టుకొని బోణీకి కూకోదు."

మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. అప్పుడు పదకొండు దాటి ఇరవై నిమిషాలైంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని ముద్ద కలుపుతుంటే నారాయణమూర్తికి అసలు లెక్క తట్టింది. షాపులో ఉన్న కొత్త ముక్క ఆమె చేతిలో ఊరికే పెట్టి, వచ్చే మంగళవారం కొండబాబు ఇచ్చేది తను అట్టే పెట్టుకుంటే సరిపోయేది. ఇటు పోయేది లేదు, అటు వచ్చేది తగ్గదు. వ్యాపారంలో పుట్టి పెరిగినవాడికి ఆ లెక్క ఎందుకు తట్టలేదు? తట్టకపోవడం కాదు, నోట్లు కనబడ్డాక తట్టనివ్వలేదు. చెయ్యి కడుక్కున్నాడు. ఫోన్ చేసి డబ్బు వెనక్కి ఇస్తానని చెబుదామనుకున్నాడు. ఈలోగా ఎవరో ప్రింటరు బేరానికి వచ్చారు.

మరుసటి మంగళవారం వారంటీ ముక్క వచ్చింది. ధనలక్ష్మికి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆ ఆదివారం షాపు గంగరాజుకి అప్పగించి, ముక్కనీ, ఆమె ఇచ్చిన డబ్బునీ జేబులో పెట్టుకుని పొద్దున్నే భావనపాడు బయల్దేరాడు.

ఇంటి ముందు దాలమ్మ ఎండుచేపలు బుట్టలో సర్దుకుంటోంది. ఎవరో తెలిసేసరికి చెయ్యి చీరకి తుడుచుకుని లేచింది.

"ఇంకా బోణీ అవ్వనేదు బాబూ. అయినా పరవానేదు, రండి."

ఆమె ఎగతాళికే అందో, మామూలుగానే అందో ఆయనకి తెలియలేదు. ఎటు తీసుకున్నా తల దించుకోవలసిన మాటే. అరుగు మీద చివరగా కూర్చున్నాడు.

"ఆ రోజు పని అయ్యిందా అమ్మా?"

"ఎక్కడయ్యింది? పిల్ల ఇల్లు సేరేసరికి మూడు దాటిపోనాది. టెక్కల్లో ఆటో దొరకనేదట. ఇరవైయారు పేర్లు ఎక్కించినాది. పద్నాలుగు మిగిలిపోనాయి. ఊరోలవి ముందు ఎక్కించి, మా ఇంటివి ఆఖర్న పెట్టుకున్నాది ఎర్రిది. నా తమ్ముడు గంగులుది అలగే ఉండిపోనాది. ఆడు నాతో మాటాడ్డం మానేసినాడు."

గుమ్మంలోకి ధనలక్ష్మి వచ్చింది. వెనక గదిలో కంప్యూటరు ఆడుతున్న చప్పుడు. తెర మామూలుగా వెలుగుతోంది.

నారాయణమూర్తి లేచి వారంటీ ముక్క ఇచ్చాడు. ఆమె స్టిక్కరు చూసి తీసుకుంది. అది ఆమెదే, తీసుకోవాలి కాబట్టి తీసుకుంది. తరవాత ఆయన జేబులోంచి నోట్లు తీశాడు.

"ఆ రోజు నాను కొనిపించినాను కదా తల్లీ, ఆ ముక్క ఎనక్కి ఇచ్చెయ్. ఈ డబ్బు నీది. తప్పు నాది."

ధనలక్ష్మి నోట్ల వంక చూసింది గాని చెయ్యి చాపలేదు.

"అది బోణీ పూట కొన్న సరుకు సావుకారు బాబూ. ఎనక్కి తీసుకోకూడదు."

దాలమ్మ కూతుర్ని "ఒసే" అని గదమాయించింది, కానీ తీసుకోమని అనలేదు. లోపల ఎవరో దరఖాస్తుకి వచ్చి కూర్చున్నట్టున్నారు. ధనలక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది. నారాయణమూర్తి వెళ్తూ వెళ్తూ దాలమ్మ దగ్గర ఒక పొట్లం ఎండుచేపలు కొన్నాడు. ఆమె ఆ డబ్బు కళ్ళకద్దుకుంది. బేరం బేరమే.

ఆ ఏడాది ఆ తీరం నుంచి కంప్యూటరు కొన్నవాళ్ళంతా టెక్కలిలోనే కొన్నారని కొండబాబు నోట విన్నాడు. ఎందుకని అతను అడిగితే, "దూరం కదా," అన్నాడు నారాయణమూర్తి.

ఇప్పుడు ఎవరైనా పాడైన సరుకు పట్టుకుని పొద్దున్నే మెట్లెక్కితే, బోణీ అయినా కాకపోయినా ఆయనే లేచి వెళ్ళి అందుకుంటాడు. గంగరాజు నవ్వుకుంటాడు. మంగళవారం పదింటికి వేన్ ఆగి, "ఏటి బావా, నాకేటైనా ఉన్నాదా?" అని కొండబాబు అడిగితే, నారాయణమూర్తి ముందు అద్దంలోంచి బయట బల్ల వంక చూస్తాడు. ఎవరూ ఉండరు. అప్పుడు చెబుతాడు.